నేర కథా చిత్రంలో ఎవరికి ఎంత తెలుసు

మిత్రులారా,

క్రైమ్ థ్రిల్లర్ సినిమాల్లో పదేపదే కనిపించే సంప్రదాయాల గురించి మాట్లాడమని నన్ను కోరారు. వాన కురుస్తున్న రాత్రి, మనిషి అలికిడి లేని వీధి, నిద్రకు దూరమైన పోలీసు అధికారి, గోడ నిండా అతికించిన ఫొటోలు, వాటిని కలుపుతూ ఎర్ర దారాలు, చివరి పావుగంటలో ముసుగు తొలగే హంతకుడు. ఇవన్నీ మీకు తెలిసినవే. ఇలాంటి సినిమాలు ఓ పది చూసినవారెవరైనా ఈ జాబితాను తడుముకోకుండా అప్పజెప్పగలరు. కాబట్టి ఈరోజు నేను జాబితా జోలికి పోకుండా దాని వెనక ఉన్న కారణాల గురించి మాట్లాడతాను. ఈ సంప్రదాయాల్లో ప్రతి ఒక్కటీ ఒకప్పుడు ఎవరో ఒక రచయితకో దర్శకుడికో ఎదురైన కథన సమస్యకు దొరికిన పరిష్కారం. ఆ సమస్య దాదాపు ప్రతిసారీ ఒకటే: జరిగిన నేరం గురించి ప్రేక్షకుడికి ఎంత తెలియాలి, దర్యాప్తు చేసేవారికి ఎంత తెలియాలి, నేరం చేసినవాడికి ఎంత తెలియాలి, ఎవరికి ఏ క్షణాన తెలియాలి. ఈ పంపకం సరిగా కుదిరిన సినిమాలో పాత సంప్రదాయం కూడా కొత్తగా పనిచేస్తుంది. కుదరని సినిమాను ఎంత వానా ఎంత చీకటీ కాపాడలేవు. ఉదాహరణల కోసం కొన్ని సినిమాల ముగింపులు బయటపెట్టక తప్పదు, అందుకు ముందుగానే మన్నించండి.

ఈ విషయాన్ని అందరికంటే స్పష్టంగా చెప్పినవాడు ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్. 1962లో ఫ్రెంచ్ దర్శకుడు ఫ్రాన్స్వా త్రూఫో ఆయనతో సుదీర్ఘంగా సంభాషించి, ఆ సంభాషణలను 1966లో పుస్తకంగా తెచ్చాడు. అందులో హిచ్‌కాక్ ఇచ్చిన ఉదాహరణ చాలామందికి తెలుసు. కొందరు బల్ల చుట్టూ కూర్చుని ఏదో మామూలు విషయం మాట్లాడుకుంటున్నారు. ఉన్నట్టుండి బల్ల కింద బాంబు పేలితే ప్రేక్షకుడు పదిహేను సెకన్ల పాటు ఉలిక్కిపడతాడు. అదే బాంబును ముందే చూపించి, అది ఎన్ని గంటలకు పేలుతుందో చెప్పి, గోడ గడియారాన్ని కూడా కనపడేలా పెడితే, ఆ మామూలు సంభాషణే పదిహేను నిమిషాల ఉత్కంఠగా మారుతుంది. ఇందులో రచయితలు గమనించవలసిన సంగతి ఒకటి ఉంది. రెండు సందర్భాల్లోనూ ఆ పాత్రలు మాట్లాడే మాటల్లో ఒక్క అక్షరం కూడా మారనక్కరలేదు. మారిందల్లా చూసేవాడి మనసులో ఉన్న సమాచారం. పాత్రలు ఎంత చప్పటి విషయం మాట్లాడుకుంటే మనకు అంత ఆందోళన పెరుగుతుంది, ఎందుకంటే వాళ్లు వృథా చేస్తున్న ప్రతి నిమిషమూ మన లెక్కలో పడుతుంది.

నేర కథల్లోని రకాలను కూడా ఈ లెక్కతోనే విడదీయవచ్చు. అపరాధ పరిశోధన కథలో హంతకుడికి అంతా తెలుసు, పరిశోధకుడు ఒక్కొక్కటే తెలుసుకుంటాడు, మనం అతని వెనకాలే నడుస్తాం. థ్రిల్లర్‌లో చాలాసార్లు పరిశోధకుడి కంటే మనకే ఎక్కువ తెలుసు. అతడు తెరవబోయే తలుపు వెనక ఎవరున్నారో మనం అప్పటికే చూశాం. ఇక మూడో రకంలో నేరస్తుడి పక్కనే కూర్చుని, అతడు పట్టుబడతాడేమోనని మనమే భయపడతాం. బిల్లీ వైల్డర్ 1944లో తీసిన ‘డబుల్ ఇండెమ్నిటీ’ ఈ మూడో రకానికి చెందింది. కథ మొదలైన కొద్ది నిమిషాలకే ఒక బీమా ఏజెంటు తుపాకీ గాయంతో తన ఆఫీసుకు వచ్చి, డబ్బు కోసమూ ఒక స్త్రీ కోసమూ హత్య చేశానని, ఆ రెండూ దక్కలేదని రికార్డింగ్ యంత్రంలో చెప్పుకుంటాడు. హంతకుడెవరో, ఎందుకు చంపాడో, చివరికి ఏమైందో అంతా మొదట్లోనే తేలిపోయింది. అయినా ఆ తర్వాత గంటన్నరకు పైగా మనం కదలకుండా కూర్చుంటాం, ఎందుకంటే ప్రశ్న మారింది. ఆ కేసును పరిశీలిస్తున్న బీమా కంపెనీ అధికారి ఇతనికి ఆప్తుడు. ఆ ఆప్తుడికి ఈ సంగతి ఎప్పుడు తెలుస్తుంది, తెలిసినప్పుడు అతని మనసు ఏమవుతుంది అన్నది ఇప్పుడు మన ప్రశ్న. ‘ఎవరు చేశారు’ అన్న ప్రశ్నను వదులుకున్న సినిమా దాని స్థానంలో అంతకంటే బరువైన ప్రశ్నను పెట్టవలసి ఉంటుంది. ఇది చేతకాక, హంతకుణ్ని ముందే చూపించి ఆ తర్వాత ఏమి చేయాలో తోచక వెంటాడే సన్నివేశాలతో కాలం గడిపే సినిమాలు ఏటా వస్తూనే ఉంటాయి.

మనకు బాగా తెలిసిన ఉదాహరణ 2013లో మలయాళంలో జీతూ జోసెఫ్ తీసిన ‘దృశ్యం’, దాన్ని 2014లో తెలుగులో ‘దృశ్యం’గానే మళ్లీ తీశారు. అందులో హత్య మన కళ్లముందే జరుగుతుంది. కథానాయకుడు అల్లే అబద్ధం మనకు తెలుసు, ఏ రోజు ఎక్కడ ఉన్నట్టు కుటుంబమంతా నేర్చుకుందో తెలుసు, పోలీసులు ఏ దారిలో వస్తున్నారో కూడా తెలుసు. ఇంత తెలిసిన ప్రేక్షకుడికి తనకు ఇంకా తెలియనిది ఒకటి ఉందన్న అనుమానం రాదు. శవం చివరికి ఎక్కడికి చేరిందన్న ఒక్క వివరాన్ని మాత్రం కథ దాచుకుని, ముగింపులో చెబుతుంది. తొంభై తొమ్మిది పాళ్లు పంచి ఒక పాలు దాచడంలోని నేర్పు ఇది. అంతా దాచి చివర గుమ్మరించడం కంటే ఇది చాలా కష్టం. అంతకంటే గౌరవప్రదం కూడా, ఎందుకంటే ఇక్కడ ప్రేక్షకుణ్ని కథలో భాగస్వామిగా చేర్చుకున్నారు.

ఇక పరిశోధకుడి దగ్గరికి వద్దాం. అతడు ఒంటరివాడు, భార్య వదిలి వెళ్లిపోయింది, లేదా గతంలో ఒక కేసులో ఎవరినో కాపాడలేకపోయాడు, మద్యానికి దగ్గరయ్యాడు, పై అధికారులకు దూరమయ్యాడు. అతడికి జోడీగా ఉత్సాహం నిండిన ఒక కుర్ర అధికారి వస్తాడు. కథ మధ్యకు వచ్చేసరికి ఇతన్ని సస్పెండ్ చేస్తారు, లేదా నలభై ఎనిమిది గంటల గడువు ఇస్తారు. ఇవన్నీ అరిగిపోయిన అంశాలే అయినా ఒక్కొక్కదానికి ఒక్కొక్క ఉపయోగం ఉంది. కుర్ర అధికారి ఉన్నాడు కాబట్టి పెద్ద అధికారి తన ఆలోచనను పైకి చెప్పవలసి వస్తుంది, మనకు అది వినిపిస్తుంది. ఇద్దరూ ఒకే శవాన్ని చూసి వేరువేరు సంగతులు గమనిస్తారు కాబట్టి అనుభవానికీ ఆవేశానికీ మధ్య ఘర్షణ మాటల్లో చెప్పకుండానే తెలుస్తుంది. సస్పెన్షన్ వల్ల అతడి వెనక ఉన్న వ్యవస్థ పక్కకు తప్పుకుంటుంది. మిగిలేది ఒక మనిషి, ఒక నమ్మకం. గడువు సంగతి చెప్పేందుకు పెద్దగా లేదు. కథకు లోపలి నుంచి వేగం రానప్పుడు బయట నుంచి తగిలించే గడియారం అది, బాంబు కథల్లోనూ అపహరణ కథల్లోనూ సహజంగా ఒదుగుతుంది, మిగతా చోట్ల అతికినట్టు కనిపిస్తుంది.

అయితే పరిశోధకుడి గతం గురించి నాకొక గట్టి అభిప్రాయం ఉంది. చాలా స్క్రీన్‌ప్లేలలో ఈ గతం దర్యాప్తుతో ఏ సంబంధమూ లేకుండా, పాత్రకు బరువు తేవడానికి మాత్రమే ఉంటుంది. మొదటి అరగంటలో రెండు ఫ్లాష్‌బ్యాకులు, చివర్లో ఒక కన్నీటి చుక్క, మధ్యలో దాని ఊసే ఉండదు. గతం ఉన్నందుకు అతడు ఒక ఆధారాన్ని తప్పుగా చదవాలి, లేదా ఇతరులకు కనపడనిది చూడగలగాలి. అంటే అతడి గాయం అతడికి తెలిసినదాన్నీ తెలియనిదాన్నీ మార్చాలి. అలా మార్చనప్పుడు ఆ గాయం కథకు ఏ పనికీ రాదు.

పరిశోధకుడికి ఏ విషాద గతమూ ఇవ్వకుండా, పనినే నాటకంగా మార్చిన సినిమా అకిరా కురొసావా 1963లో తీసిన ‘హై అండ్ లో’. ఒక బూట్ల కంపెనీ అధికారి కొడుకనుకుని అతని డ్రైవరు కొడుకును ఎత్తుకుపోతారు. పరాయి పిల్లవాడి కోసం తన సర్వస్వం ధారపోయాలా వద్దా అన్న ప్రశ్నతో సినిమా మొదటి సగం దాదాపు ఒకే గదిలో నడుస్తుంది. రెండో సగంలో పోలీసులు ఒక గదిలో వరుసగా లేచి తాము తిరిగిన చోట్లు, ఫోనులో వినిపించిన శబ్దాలు, కాగితం మీద గీసిన బొమ్మలు, ఒక్కొక్కటే నివేదిస్తారు. అందులో మెరుపు తెలివి ఉన్నవాడెవరూ లేడు, ఓపిక ఉన్నవారు చాలామంది ఉన్నారు. డబ్బు సంచుల్లో పోలీసులు ముందే ఒక రసాయనం అమరుస్తారు. వాటిని కాలిస్తే గులాబీ రంగు పొగ వస్తుంది. నలుపు తెలుపు సినిమాలో ఆ ఒక్క పొగ మాత్రమే రంగులో కనిపిస్తుంది. ఒక పొగ గొట్టం నుంచి లేచే ఆ పొగను చూడగానే మనకు కలిగే ఆనందంలో, అంతవరకు ఆ చిన్న చిన్న నివేదికలన్నీ శ్రద్ధగా విన్న ఫలితం ఉంది. ప్రయోగశాల నుంచి అరనిమిషంలో వచ్చే ఫలితాలు, కంప్యూటరు తెర మీద చిటికెలో సరిపోయే వేలిముద్రలు ఈ ఆనందాన్ని ఇవ్వలేవు, వాటి కోసం ఎవరూ కష్టపడలేదు కనుక.

దర్యాప్తులో మరో తప్పనిసరి సన్నివేశం విచారణ గది. ఒక బల్ల, రెండు కుర్చీలు, పైన ఒక దీపం, ఒకవైపు నుంచి మాత్రమే కనిపించే అద్దం. నటులకు ఇష్టమైన సన్నివేశం ఇది, తక్కువ ఖర్చుతో ఎక్కువ ఉద్వేగం పండుతుంది. ఇందులోని అసలు బలం కూడా సమాచారపు పోటీయే. అధికారికి ఎంత తెలుసో అనుమానితుడికి తెలియదు, అనుమానితుడు ఎంత దాస్తున్నాడో అధికారికి తెలియదు, అద్దం వెనక ఉన్నవారి సంగతి ఆ గదిలో ఒకరికి మాత్రమే తెలుసు. ఇంత సూక్ష్మమైన ఏర్పాటును చాలా సినిమాలు లాఠీతో తేల్చేస్తాయి. కొట్టగానే నిజం బయటికి వస్తుందన్న సూత్రం ప్రేక్షకుల్లో ఎంత లోతుగా నాటుకుందంటే, థియేటర్లో ఆ దెబ్బలకు చప్పట్లు పడతాయి. దెబ్బలకు బయటికొచ్చేది నిజం అయి ఉండనక్కరలేదు, ఆ బాధను ఆపగలిగే మాట అయితే చాలు. కథ రాసేవాడు తన సౌకర్యం కోసం ఈ తేడాను చెరిపివేయడం నన్ను చాలా బాధిస్తుంది. ఈ విషయానికి మళ్లీ వస్తాను, ఎందుకంటే దీనికి నిజ జీవితంలో ఒక ఖరీదు ఉంది.

ఇప్పుడు అందరికీ ఇష్టమైన ట్విస్ట్. ఆఖరి మలుపు లేని థ్రిల్లర్‌ను ఇప్పుడు నిర్మాతలు వినడానికి కూడా ఇష్టపడరు. మలుపు మీద నాకు వ్యతిరేకత లేదు, దానికి ఒక ధర్మం ఉందని మాత్రం గట్టిగా నమ్ముతాను. పరిశోధకుడికి దొరికిన ఆధారాలన్నీ పాఠకుడికీ దొరకాలని అపరాధ పరిశోధన నవలల కాలంలోనే నియమం పెట్టుకున్నారు. 1929లో రోనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లీషు రచయిత ఇలాంటి పది నియమాలను రాసిపెట్టాడు. సినిమాకు ఈ నియమం మరింత ముఖ్యం, ఎందుకంటే అక్షరాన్ని అనుమానించినంతగా మనం కెమెరాను అనుమానించం. తెర మీద కనిపించింది జరిగిందనే నమ్ముతాం. 1950లో హిచ్‌కాక్ తీసిన ‘స్టేజ్ ఫ్రైట్’ ప్రారంభంలోనే ఒక ఫ్లాష్‌బ్యాక్ వస్తుంది. సినిమా చివరికి అది అబద్ధమని తేలుతుంది. ప్రేక్షకులు దాన్ని మోసంగానే భావించారు, ఆ పని చేయకుండా ఉండవలసిందని హిచ్‌కాకే తర్వాత ఒప్పుకున్నాడు. సరిగ్గా అదే 1950లో కురొసావా ‘రషోమన్’ వచ్చింది. అందులో ఒకే మరణాన్ని నలుగురు నాలుగు విధాలుగా చెబుతారు, నాలుగింటినీ మనం కళ్లారా చూస్తాం, అవన్నీ నిజం కావడానికి వీలు లేదు. అయినా అక్కడ మోసపోయామని ఎవరికీ అనిపించదు, ఎందుకంటే అవి వాంగ్మూలాలని మొదటి నుంచీ మనకు తెలుసు. మొదటి సినిమాలో కెమెరా ఒక పాత్ర అబద్ధాన్ని తన మాటగా చెప్పింది. రెండో సినిమాలో కెమెరా ఎవరి మాట చూపిస్తున్నదో చెప్పి మరీ చూపించింది. ట్విస్ట్ రాసే ప్రతివారూ ఈ రెండు సినిమాలను పక్కపక్కన పెట్టుకుని చూడాలని కోరుకుంటాను.

అబద్ధం చెప్పకుండానే ప్రేక్షకుణ్ని తప్పుదారి పట్టించవచ్చు. 1991 నాటి ‘ద సైలెన్స్ ఆఫ్ ద ల్యాంబ్స్’లో ఒక ఎడిటింగ్ విన్యాసం దీనికి పాఠంలాంటిది. సాయుధ బలగం ఒక ఇంటిని చుట్టుముడుతుంది. ఆ వెంటనే హంతకుడి ఇంట్లో గంట మోగుతుంది. బయట ఒక అధికారి గంట నొక్కుతాడు. లోపల హంతకుడు మెట్లెక్కి వస్తాడు. మార్చి మార్చి చూపించే రెండు దృశ్యాలు ఒకే చోట జరుగుతున్నట్టు మనం అనుకుంటాం, ఆ మాట సినిమా ఎక్కడా చెప్పలేదు. తలుపు తెరుచుకుంటే ఎదురుగా అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐలో శిక్షణ పొందుతున్న యువతి క్లారిస్ ఒక్కతే నిలబడి ఉంటుంది. బలగం చుట్టుముట్టింది ఎక్కడో ఉన్న ఖాళీ ఇంటిని. సమాంతర దృశ్యాలు చివరికి ఒక చోట కలుస్తాయన్న పాత సంప్రదాయాన్ని మనం నేర్చుకుని ఉండబట్టే ఈ మలుపు పనిచేసింది. ఆ తర్వాతి నేలమాళిగ దృశ్యంలో పంపకం మళ్లీ మారుతుంది. చీకట్లో హంతకుడికి మాత్రమే కనపడే కళ్లద్దాల గుండా మనం ఆమెను చూస్తాం. ఆమె చేతులు గాలిలో తడుముకుంటాయి, అతడు చేయి చాపితే అందేంత దగ్గరలో ఉంటాడు. ఒక్క పది నిమిషాల్లో మనం తక్కువ తెలిసిన స్థితి నుంచి భరించలేనంత ఎక్కువ తెలిసిన స్థితికి వచ్చాం.

‘సైకో’ గురించి మాట్లాడకుండా ఈ విషయం ముగియదు. 1960లో వచ్చిన ఆ సినిమాలో మొదటి భాగమంతా ఒక యువతి దొంగిలించిన నలభై వేల డాలర్ల చుట్టూ తిరుగుతుంది. ఆ డబ్బు ఏమవుతుంది, ఆమె దొరుకుతుందా అని మనం ఆలోచిస్తుండగానే, సినిమా సగానికి చేరకముందే ఆమె హత్యకు గురవుతుంది. పేరున్న నటి పోషించిన ప్రధాన పాత్ర చివరిదాకా ఉంటుందన్న భరోసాతో మనం టిక్కెట్టు కొంటాం, ఆ భరోసానే హిచ్‌కాక్ ఆయుధంగా వాడుకున్నాడు. సినిమా మొదలయ్యాక ఎవరినీ లోపలికి పంపవద్దని థియేటర్లకు నియమం పెట్టించింది కూడా అందుకే; ఆలస్యంగా వచ్చినవారు ఆ నటి ఎప్పుడు కనిపిస్తుందా అని ఎదురుచూస్తూ ఉండిపోతారు. దొంగిలించిన డబ్బు కథకు ఇక అవసరం లేక శవంతో పాటే బురదలో మునిగిపోతుంది. తప్పుదారి పట్టించే ఆధారం అంటే అనుమానాస్పదంగా చూసే తోటమాలి ఒక్కడే కానక్కరలేదు. ఒక సినిమా మొదటి సగం మొత్తం అలాంటి ఆధారం కావచ్చు.

చీకటి, వెలుతురు గురించి క్లుప్తంగా చెబుతాను. కిటికీ పట్టీల నీడలు ముఖం మీద పడటం, వంకరగా వంచిన కెమెరా, తడిసిన రోడ్డు మీద దీపాల ప్రతిబింబం ఎక్కువగా 1940ల అమెరికన్ సినిమాల నుంచి మనకు అందాయి. ఆ ధోరణికి ఫిల్మ్ నువార్ అనే పేరును 1946లో నీనో ఫ్రాంక్ అనే విమర్శకుడు ఫ్రాన్స్‌లో వాడాడు. జర్మనీ, ఆస్ట్రియాల నుంచి వలస వచ్చిన దర్శకులూ ఛాయాగ్రాహకులూ తమ వెంట తెచ్చుకున్న శైలి ప్రభావం దాని మీద చాలా ఉంది. నీడ అంటే తెర మీద కావాలని చూపించకుండా వదిలేసిన చోటు, అంటే అదీ సమాచారాన్ని దాచే పద్ధతే.

శబ్దం దగ్గర మాత్రం కొంచెం ఆగుతాను, ఎందుకంటే మనవాళ్లు దీన్ని నేపథ్య సంగీతానికి అప్పగించి చేతులు దులుపుకుంటున్నారని నా ఫిర్యాదు. శబ్ద చిత్రాలు అప్పుడప్పుడే వస్తున్న 1929లోనే ‘బ్లాక్‌మెయిల్’ అనే బ్రిటిష్ సినిమాలో ఒక ప్రయోగం జరిగింది. తనపై దాడి చేసినవాణ్ని కత్తితో పొడిచి చంపిన యువతి మర్నాడు ఇంట్లో ఫలహారానికి కూర్చుంటుంది. పక్కింటావిడ ఆ హత్య గురించే గలగలా మాట్లాడుతూ ఉంటుంది. ఆ మాటలన్నీ మసకబారి ‘కత్తి’ అన్న ఒక్క మాట మాత్రం మళ్లీ మళ్లీ స్పష్టంగా వినిపిస్తుంది, ఆమె చేతిలో రొట్టె కోసే కత్తి ఉంటుంది. ఆ గదిలో అందరూ వింటున్నది ఒకటి, ఆమెకు వినిపిస్తున్నది ఇంకొకటి. ఆమె రహస్యంలో మనమొక్కరమే భాగస్వాములం. ‘సైకో’ స్నానాల గది దృశ్యానికి సంగీతం వద్దని మొదట హిచ్‌కాక్ అనుకున్నాడు. బెర్నార్డ్ హెర్మన్ తీగవాద్యాలతో స్వరపరిచింది విన్నాక మనసు మార్చుకున్నాడు. దీనికి ఎదురుగా 1955లో జూల్స్ డాసిన్ తీసిన ‘రిఫీఫీ’ నిలుస్తుంది. అందులో నగల దుకాణాన్ని దోచుకునే దృశ్యం సుమారు అరగంట సేపు సంభాషణ లేకుండా, సంగీతం లేకుండా సాగుతుంది. చిన్న చప్పుడైనా దొంగలు దొరికిపోతారు. అందుకే థియేటర్లో మనం కూడా ఊపిరి బిగబట్టి కూర్చుంటాం. సంగీతం నడుస్తున్నంతసేపూ ఎక్కడో ఒక దర్శకుడు మనల్ని చూసుకుంటున్నాడన్న ధైర్యం ఉంటుంది. అది ఆగిపోయిన చోట ఆ ధైర్యమూ పోతుంది.

హింసను ఎలా చూపించాలన్నది ఈ జాతి సినిమాలకు పుట్టుకతో వచ్చిన ప్రశ్న. హాలీవుడ్‌లో 1930లో రాసుకుని 1934 నుంచి కఠినంగా అమలు చేసిన నియమావళి హత్యల వివరాలను చూపించకూడదని, నేరస్తుడి మీద సానుభూతి కలిగించకూడదని శాసించింది. 1968లో దాని స్థానంలో వయసును బట్టి సినిమాలను వర్గీకరించే పద్ధతి వచ్చింది. కానీ ఆ నియమావళి ఒత్తిడి లేకుండానే 1931లో జర్మనీలో ఫ్రిట్జ్ లాంగ్ తన ‘ఎం’ సినిమాలో ఒక చిన్నారి హత్యను చూపించిన తీరుకు ఇప్పటికీ సాటి లేదు. తల్లి భోజనం సిద్ధం చేసి ఎదురు చూస్తుంది, కిటికీలోంచి పిలుస్తుంది. ఖాళీ మెట్లు, ఖాళీ పళ్లెం కనిపిస్తాయి. ఎక్కడో పొదల చాటు నుంచి ఆ పిల్ల ఆడుకునే బంతి దొర్లుకుంటూ వచ్చి ఆగుతుంది, ఆమెకు కొనిచ్చిన బుడగ తీగలకు చిక్కుకుని కొట్టుకుంటుంది. రక్తం చుక్క కూడా తెర మీద పడలేదు. హంతకుణ్ని చివరికి పట్టించేది కూడా కన్ను కాదు, అతడు ఈల వేసే పాట. దాన్ని గుర్తుపట్టేది చూపులేని బుడగల వ్యాపారి.

ఆ దృశ్యంలో నన్ను కదిలించేది సంయమనం ఒక్కటే కాదు. చనిపోయిన పిల్లకు ఒక ఇల్లు ఉంది, పళ్లెం ఉంది, ఎదురుచూసే మనిషి ఉంది. క్రైమ్ థ్రిల్లర్‌లో అన్నిటికంటే నిర్దయమైన సంప్రదాయం ఏదంటే హతులకు జీవితం ఇవ్వకపోవడం అంటాను. మొదటి సన్నివేశంలో ఒక యువతి శవం దొరుకుతుంది. ఆమె పేరు రెండుసార్లు వినిపిస్తుంది. ఆ తర్వాత కథంతా హంతకుడి తెలివి గురించి, అతడి బాల్యం గురించి, అతణ్ని వెంటాడే అధికారి ఆవేదన గురించి సాగుతుంది. వరుస హత్యల కథల్లో ఇది మరీ ఎక్కువ, మూడో శవానికి వచ్చేసరికి ఆమె ఒక సంఖ్య. హంతకుడికి చదరంగం, ఒపేరా సంగీతం, తత్వశాస్త్రం నేర్పించే రచయితలు హతురాలికి కనీసం ఒక స్నేహితురాలిని కూడా ఇవ్వరు. ఇది నైతికమైన లోపమే కాదు, కథన లోపం కూడా. హతులు ఎలా బతికారో తెలియనప్పుడు ఏమి పోయిందో ప్రేక్షకుడికి తెలియదు. ఏమి పోయిందో తెలియనప్పుడు హంతకుడు దొరకడం ఒక పొడుపుకథ విడిపోవడం వరకే మిగులుతుంది.

ఇక ముగింపులు. నేరస్తుడికి శిక్ష పడాలన్న నియమం రాతపూర్వకంగా ఉన్నా లేకున్నా ఈ సినిమాల మీద ఎప్పుడూ బరువు వేస్తూనే ఉంది. ఇందాకటి ‘దృశ్యం’లో కథానాయకుడు చట్టానికి చిక్కడు. ఆ కథకు 2019లో వచ్చిన చైనా రూపంలో మాత్రం అతడు చివరికి పోలీసుల ముందు లొంగిపోతాడు. అదే నేరం, అదే అబద్ధం, అదే కుటుంబం. ముగింపు మారేసరికి మనం అంతసేపూ ఎవరి పక్షాన నిలబడ్డామన్న ప్రశ్నకు జవాబు కూడా మారిపోయింది.

శిక్ష సంగతి పక్కన పెట్టి, హంతకుణ్ని చూపించనే చూపించని ముగింపు ఒకటి ఉంది. దక్షిణ కొరియాలోని హ్వాసాంగ్ ప్రాంతంలో 1986 నుంచి 1991 వరకు జరిగిన వరుస హత్యల ఆధారంగా 2003లో బాంగ్ జూన్ హో ‘మెమరీస్ ఆఫ్ మర్డర్’ తీశాడు. సినిమా తీసేనాటికి హంతకుడెవరో ఎవరికీ తెలియదు. ఆ సినిమా మన సంప్రదాయాలన్నిటినీ ఒక్కొక్కటే పిలిచి, ఒక్కొక్కటే విఫలం చేస్తుంది. పల్లె డిటెక్టివ్, నగరం నుంచి వచ్చిన డిటెక్టివ్ జోడీగా ఉంటారు. ఇద్దరి పద్ధతులూ ఓడిపోతాయి. అనుమానితులను కొట్టి నేరం ఒప్పించే ప్రయత్నాలు జరుగుతాయి, ఒక్కటీ నిలవదు. అమెరికా నుంచి డీఎన్ఏ నివేదిక వస్తుంది, అంతవరకు మనమూ పోలీసులూ గట్టిగా నమ్మిన అనుమానితుణ్ని అది దోషిగా నిరూపించదు. చివరి షాట్‌లో, ఏళ్ల తర్వాత మొదటి శవం దొరికిన చోటికి వచ్చిన ఆ పల్లె మాజీ డిటెక్టివ్ నేరుగా కెమెరాలోకి, అంటే మన ముఖాల్లోకి చూస్తాడు. ఈ జాతి సినిమాల్లో ప్రేక్షకుడికీ పరిశోధకుడికీ సమానంగా ఏమీ తెలియకుండా ముగిసే ధైర్యం ఇంత సంపూర్ణంగా మరెక్కడా నేను చూడలేదు.

ఆ కథకు తెర బయట కొనసాగింపు ఉంది. 2019లో డీఎన్ఏ పరీక్షల సాయంతో దక్షిణ కొరియా పోలీసులు అసలు నేరస్తుణ్ని గుర్తించారు. అతడు అప్పటికే వేరొక హత్య కేసులో యావజ్జీవ శిక్ష అనుభవిస్తున్నాడు. చట్టం విధించిన కాలపరిమితి దాటిపోయినందువల్ల ఈ హత్యలకు అతడిపై విచారణ జరపడం సాధ్యం కాలేదు. విచారణ గది గురించి ఇందాక నేను వాయిదా వేసిన మాట ఇక్కడ చెప్పాలి. ఆ హత్యల్లో ఒకదానికి దోషిగా నిర్ధారణ అయి దాదాపు ఇరవై ఏళ్లు జైల్లో గడిపిన మరో వ్యక్తి, పోలీసులు తనచేత బలవంతంగా నేరం ఒప్పించారని అంటూ వచ్చాడు. పునర్విచారణ జరిపిన న్యాయస్థానం 2020 డిసెంబరులో అతణ్ని నిర్దోషిగా ప్రకటించింది. మీలో థ్రిల్లర్ రాయబోతున్నవారు విచారణ గది సన్నివేశం దగ్గరికి వచ్చినప్పుడు, లాఠీ ఎత్తిన అధికారికి తెలిసినది ఎంత, అతడు తెలుసనుకుంటున్నది ఎంత అన్న రెండు ప్రశ్నలకు విడివిడిగా జవాబు రాసుకుని, ఆ తర్వాతే మొదటి సంభాషణ రాయమని కోరుతున్నాను. ఇక మీ ప్రశ్నలు తీసుకుంటాను.